ట్రెజరీలో టెక్నాలజీ ఉద్యోగం కావాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కామర్స్ డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. పైథాన్, ఎస్‌క్యూఎల్ కొంత వచ్చు. కంపెనీల ట్రెజరీ (నగదు నిర్వహణ), ట్రేడ్ ఫైనాన్స్ (ఎగుమతి దిగుమతులకు బ్యాంకుల సాయం)లో టెక్నాలజీ వైపు స్థిరపడాలని ఉంది. బ్లాక్‌చైన్ కోర్సులో చేరమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. షిప్పింగ్ కంపెనీ మెర్స్క్, ఐబీఎం కలిసి నడిపిన బ్లాక్‌చైన్ ప్లాట్‌ఫామ్ ట్రేడ్‌లెన్స్‌ను ఆపేస్తున్నట్టు 2022 నవంబరులో ప్రకటించాయి. ప్లాట్‌ఫామ్ తయారైంది కానీ రంగమంతా కలిసి రాలేదు. ఈ పనిలో అసలు చిక్కులు పత్రాల్లో, డేటాలో ఉంటాయి. ముందు అవి పట్టుకోండి.

ట్రేడ్ ఫైనాన్స్‌కు యూసీపీ 600 చదవండి. ఎల్‌సీలకు (లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే సరైన పత్రాలు ఇస్తే డబ్బు చెల్లిస్తానని బ్యాంకు ఇచ్చే హామీ) బ్యాంకులు పాటించే అంతర్జాతీయ నియమాలివి. మొత్తం 39 ఆర్టికల్సే. ఎల్‌సీ కింద వచ్చిన పత్రాలను పరిశీలించడానికి బ్యాంకుకు గరిష్ఠంగా 5 బ్యాంకింగ్ పనిదినాలే ఉంటాయి. అందుకే ఆ పనిని సాఫ్ట్‌వేర్‌కు అప్పగించాలని చూస్తారు. అయితే అక్షరం అక్షరం పోల్చే ప్రోగ్రామ్ ఇక్కడ బోల్తా పడుతుంది. ఇన్వాయిస్‌లో సరుకు వర్ణన ఎల్‌సీకి సరిపోవాలి. మిగతా పత్రాల్లో మాత్రం ఎల్‌సీతో విభేదించనంతవరకు సాధారణ మాటల్లో ఉన్నా చాలు. ఈ తేడా తెలియని ప్రోగ్రామ్ లేని తప్పులు చూపిస్తుంది. వాటిని తీసేయడానికి మళ్లీ మనిషి కూర్చోవాలి.

ట్రెజరీ సంగతికొస్తే, ఎక్కువ సమయం మింగేది వచ్చిన డబ్బును ఇన్వాయిస్‌లతో జతచేసే పని. విదేశీ చెల్లింపులకు బ్యాంకులు పంపుకున్న పాత ఎంటీ103 సందేశంలో చెల్లింపు వివరాలకు 35 అక్షరాల చొప్పున 4 వరుసలే, అంటే 140 అక్షరాలు. 12 అంకెల ఇన్వాయిస్ నంబర్లు కామాలతో రాస్తే పదకొండోది పూర్తిగా పట్టదు. కొత్త సందేశ ప్రమాణం ఐఎస్ఓ 20022లో ఒక్కో ఇన్వాయిస్‌కు విడిగా చోటుంది, కానీ పంపేవాళ్లు అందులో నింపితేనే ఉపయోగం. బ్యాంకుల మధ్య విదేశీ చెల్లింపుల్లో పాత, కొత్త ఫార్మాట్లు కలిసి నడిచిన గడువు 2025 నవంబరుతో ముగిసింది. బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్లలో మాత్రం పాత ఫార్మాట్ ఎంటీ940 ఇంకా కనిపిస్తుంది. కాబట్టి దానితోపాటు ఐఎస్ఓ 20022 స్టేట్‌మెంట్ ఫార్మాట్ క్యామ్ట్.053 కూడా నేర్చుకోండి.

నేర్చుకుంటూనే ఒక ప్రాజెక్టు చేయండి. నమూనా ఎంటీ940 ఫైలు తీసుకుని, ప్రారంభ నిల్వకు లావాదేవీలు కలిపితే ముగింపు నిల్వ వస్తోందో లేదో ముందు సరిచూడండి. రాకపోతే అక్కడే ఆపాలి. తర్వాత ఇన్వాయిస్ నంబరుతో జతచేయండి. కుదరనివాటికి కస్టమరు పేరు, డబ్బు మొత్తం రెండూ కలిపి చూడండి. డబ్బు మొత్తం ఒక్కటే చూసి ఇన్వాయిస్‌ను చెల్లించినట్టు మూసేయొద్దు, ఒకే మొత్తానికి రెండు ఇన్వాయిస్‌లుంటే తప్పుది మూసుకుపోతుంది. మధ్యలో బ్యాంకు చార్జీలు కోసుకుంటే డబ్బు తక్కువ వస్తుంది. దానికి ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో పరిమితి పెట్టి, ఆ తేడాను విడి ఖాతాలో చూపండి.

ఎన్ని జతపడ్డాయన్న శాతం కన్నా, మిగిలినవి ఎందుకు జతపడలేదో ఒక్కోదానికీ కారణం రాసిన పట్టిక ఇంటర్వ్యూలో బాగా పనికొస్తుంది. సీడీసీఎస్ (ఎల్‌సీ పత్రాల నిపుణులకిచ్చే సర్టిఫికెట్) లాంటి పరీక్షలు ఉద్యోగంలో చేరి, అసలు పత్రాలు కొన్ని చూశాక రాయండి.