పీఆర్ఎఫ్ఏ ఎంఆర్ఎన్ఏ ఉంది, లిస్టీరియోలైసిన్ మాత్రం లేదు: ఎందుకు?

లిస్టీరియా అనే రోగకారక బ్యాక్టీరియాను 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెంచితే ఆర్‌టీ-పీసీఆర్‌లో (ఎంఆర్ఎన్ఏను, అంటే ప్రొటీన్ తయారీకి వాడే జన్యువు నకలును, పట్టిచూపే పరీక్ష) పీఆర్ఎఫ్ఏ (దాని రోగకారక జన్యువులను ఆన్ చేసే ప్రొటీన్) బ్యాండ్ కనిపిస్తోంది, కానీ లిస్టీరియోలైసిన్ (కణాల పొరకు రంధ్రాలు చేసే విషప్రొటీన్) జాడే లేదు, ప్రయోగం చెడిందేమోనని అడిగారు. టెన్షన్ పడకండి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ వేయని కంట్రోల్‌లో బ్యాండ్ రాకపోతే, అంటే అది డీఎన్ఏ కల్తీ వల్ల వచ్చింది కాకపోతే, మీ ఫలితం సరైనదే.

కిటుకంతా ఆ ఎంఆర్ఎన్ఏ ముందు భాగంలో ఉంది. 30 డిగ్రీలు, అంతకన్నా తక్కువ వేడిలో అది జడపిన్నులా మడత పడి, రైబోజోమ్ (ప్రొటీన్ తయారుచేసే యంత్రం) అతుక్కునే చోటును మూసేస్తుంది. ఎంఆర్ఎన్ఏ తయారవుతుంది, ప్రొటీన్ తయారవదు. 37 డిగ్రీలకు, అంటే మన ఒంటి వేడికి, ఆ మడత విడిపోతుంది. పీఆర్ఎఫ్ఏ ప్రొటీన్ పుట్టి లిస్టీరియోలైసిన్ జన్యువును ఆన్ చేస్తుంది. 2002లో వచ్చిన పరిశోధనలో ఈ ముక్కను ఈ.కోలైలో జీఎఫ్‌పీ (పచ్చగా మెరిసే ప్రొటీన్) జన్యువుకు ముందు తగిలిస్తే అక్కడా వేడిని బట్టే పనిచేసింది. ఇంకే ప్రొటీన్ సాయం లేకుండా ఆర్ఎన్ఏ ఒక్కటే థర్మామీటర్ కావడం నాకైతే ఇప్పటికీ అబ్బురమే!

కాబట్టి పీసీఆర్‌తో ఆగకండి. 25, 37 రెండింటి నుంచీ నమూనాలు తీసి పీఆర్ఎఫ్ఏ యాంటీబాడీతో వెస్టర్న్ బ్లాట్ (ప్రొటీన్ ఉందో లేదో చూపే పరీక్ష) చేయండి, తేడా అక్కడ తెలుస్తుంది.

37 దగ్గర కూడా రక్తపు అగర్‌పై హీమోలిసిస్ (లిస్టీరియోలైసిన్ వల్ల ఎర్ర రక్తకణాలు పగలడం) పలచగానే ఉంటే కంగారు వద్దు. పీఆర్ఎఫ్ఏ పూర్తిగా చురుకవ్వాలంటే గ్లూటాథయోన్ అనే చిన్న అణువు దానికి అతుక్కోవాలి. అది మన కణాల లోపల పుష్కలం, మామూలు మీడియాలో అంతగా దొరకదు. మీడియాలో సెల్లోబయోజ్ అనే చక్కెర ఉందేమో కూడా చూసుకోండి, అది పీఆర్ఎఫ్ఏ పనిని అణచివేస్తుంది.