ప్యాచ్ టెస్టుకు వెళ్ళే మేనకోడలికి

విజయనగరం

చి.ల.సౌ. మేనకోడలికి మావయ్య ఆశీర్వదించి వ్రాయునది.

కింది దవడ పళ్ళకు క్యాపులు వేయించుకున్న మూడు నెలలకు వాటి పక్కనే బుగ్గ లోపల మంట, తెల్లటి గీతలు మొదలయ్యాయనీ, చిన్నప్పుడు గిల్టు జూకాలు పెట్టుకుంటే నీ చెవి తమ్మెలు రసికారేవి కనుక ఇదీ లోహం పడకపోవడమేనని ఇంట్లో అందరూ తేల్చేశారనీ, ఈ వారమే క్యాపులు తీయించేస్తాననీ రాశావు. ముప్పయ్యేళ్ళకు పైగా పళ్ళ సెట్లు, క్యాపులు చేసే ల్యాబులో పనిచేసినవాడిగా నిన్ను బతిమాలుకుంటున్నాను: ప్యాచ్ టెస్టు (అనుమానమున్న పదార్థాలను వీపు చర్మానికి అంటించి అలర్జీ ఉందేమో చూసే పరీక్ష) ఫలితం చేతికి వచ్చేదాకా ఆ క్యాపులను ఎవరినీ కదపనివ్వకు. క్యాపు తీయాలంటే దాన్ని కోయాలి, కోసేటప్పుడు లోపలి పంటికి దెబ్బ తగలవచ్చు. కారణం తెలియకుండా వేయించుకునే కొత్త క్యాపులోనూ అదే లోహం ఉండవచ్చు.

ముందు దంతవైద్యుని వద్దకు వెళ్ళి, క్యాపులు ఏ మిశ్రమలోహంతో చేసినవో, ఏ సిమెంటుతో అతికించారో కాగితం మీద రాయించుకో. తక్కువ ధర లోహపు క్యాపులలోనూ, పింగాణీ పూత కింద ఉండే లోహంలోనూ చాలావరకు నికెల్, క్రోమియం ఉంటాయి. తీసి పెట్టుకునే పోత సెట్లలో కోబాల్టు, క్రోమియం. వెండి ఫిల్లింగులో దాదాపు సగం పాదరసం. గులాబీ రంగు సెట్టులో ఆక్రిలిక్. ఈ వివరం లేకుండా పరీక్ష చేయడం చీకట్లో రాయి విసరడమే, ఎందుకంటే మామూలు సిరీస్‌లో, అంటే వీపుకు అంటించే పదార్థాల వరుసలో, నికెల్, కోబాల్టు, క్రోమియం ఉంటాయి గాని, ఆక్రిలిక్‌కు మూలమైన మెథాక్రిలేట్లు, పల్లేడియం, బంగారం, లవంగ నూనెలోని యూజినాల్ వంటివాటికి దంత పదార్థాల సిరీస్ విడిగా కావాలి. అది అన్నిచోట్లా దొరకదు కనుక, శ్రీకాకుళమో విశాఖో బస్సెక్కే ముందే ఫోనులో అడుగు. రక్తపరీక్షతోనో, సూదితో గుచ్చి చూసే పరీక్షతోనో సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకు. అవి వెంటనే వచ్చే అలర్జీలకు. లోహాల అలర్జీ తెల్ల రక్తకణాల ద్వారా రెండు మూడు రోజులకు మెల్లగా పైకి తేలేది. 1895లో జర్మన్ చర్మవైద్యుడు యాడాసోన్ ప్యాచ్ టెస్టును మొదట చూపించింది కూడా పాదరసంతోనే.

సోమవారం నీ వీపు పైభాగాన, వెన్నెముకకు అటూ ఇటూ, చిన్న చిన్న గిన్నెలలో మందులు పెట్టి టేపుతో అంటిస్తారు. నికెల్ సల్ఫేటునైతే 5 శాతం చొప్పున వాజిలైన్ వంటి దానిలో కలుపుతారు. బుధవారం, అంటే 48 గంటలకు, తీసి చూస్తారు. శుక్రవారం మళ్ళీ చూస్తారు. లోహాలకు మాత్రం మరుసటి సోమవారం, ఏడవ రోజున కూడా చూడాలి, ఎందుకంటే బంగారం, కొన్నిసార్లు నికెల్ కూడా ఆలస్యంగా బయటపడతాయి. బుధవారం ఎర్రబడినది శుక్రవారానికి తగ్గిపోతే అది చాలావరకు మందు రేపిన చిరచిరే; శుక్రవారానికి ఇంకా ఉబ్బి, దురద పెట్టి, చిన్న పొక్కులు లేస్తే అలర్జీ అని లెక్క. ఈ తేడా ఒక్కసారి చూస్తే తెలియదు. దూరమని, బస్సు ఖర్చని చివరి సోమవారం మానేయకు.

నేను చేసిన తప్పు నువ్వు చేయకు. ఆక్రిలిక్ కలిపే ద్రవంతో నా వేళ్ళ కొనలు పగిలి నెత్తురు కారితే, ఏళ్ళ తరబడి సబ్బును నిందించాను. ఆ ద్రవం మామూలు రబ్బరు తొడుగుల గుండా నిమిషాల్లో లోపలికి దిగుతుందని నాకు అప్పుడు తెలియదు. చివరకు పరీక్షకు వెళ్ళి, మండు వేసవిలో చెమటకు తాళలేక రెండో రోజే తలంటి పోసుకున్నాను. టేపులు జారిపోయాయి, గుర్తులు చెరిగిపోయాయి. నెలల తర్వాత మళ్ళీ చేయించుకుంటే ఆ ద్రవంలోని మిథైల్ మెథాక్రిలేటుకు రెండు ప్లస్‌లు, అంటే గట్టి అలర్జీ గుర్తు, వచ్చాయి. అందుకని నువ్వు కార్తీక స్నానాలు ముగిశాక, రథసప్తమికి అరసవల్లి వెళ్ళే ముందు, చలికాలంలో ఒక వారం చూసుకో. ఆ వారమంతా వీపు తడవకూడదు, బరువులు ఎత్తకూడదు. దురదకని మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు, ఇంజెక్షన్లు, వీపుకు రాసే స్టెరాయిడ్ క్రీములు ఫలితాన్ని అణిచేస్తాయి. ఈ మధ్య ఏవి వాడావో దాచకుండా వైద్యునికి చెప్పు. గర్భం ఉందేమోనన్న అనుమానమున్నా చెప్పు, అప్పుడు పరీక్షను వాయిదా వేస్తారు. ల్యాబు ద్రవమో, లోహపు పొడో తెచ్చి ఇంట్లోనే చేతికి అంటించి చూసుకునే ఆలోచన మాత్రం ఎంతమాత్రం వద్దు; చర్మం కాలవచ్చు, లేని అలర్జీ కొత్తగా పుట్టవచ్చు.

నికెల్‌కు ప్లస్ వచ్చినంత మాత్రాన నోటి మంట నికెల్ వల్లనేనని రుజువు కాదు. జూకాల వల్ల నీ ఒంటికి ఆ అలర్జీ ఎప్పటినుంచో ఉండవచ్చు, నోటి లోపలి పొర చర్మమంత సులువుగా రేగదు. మంట సరిగ్గా ఆ లోహం తగిలే చోటనే ఉందా, క్యాపు వేశాకే మొదలైందా అన్నది ప్లస్‌తో కలిపి చూడాలి. పుదీనా, దాల్చినచెక్క వాసన వేసే పేస్టులు, రక్తహీనత, బి12 లోపం, మధుమేహం కూడా ఇలాగే మంట పుట్టిస్తాయి. ఇంకొకటి: మన జిల్లాల్లో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగిన పెద్దమ్మల అంగిళ్ళు ఏమయ్యాయో నేను చూశాను, కనుక నోటిలో తెల్ల మచ్చ ఎవరికి కనబడినా నాకు ప్రాణం కుదుటపడదు. నీకు ఆ అలవాటు లేకపోయినా, మచ్చ రెండు వారాలకు మించి ఉంది గనుక ప్యాచ్ టెస్టు తేదీ కోసం ఆగకుండా ముందే నోటి వైద్యునికి చూపించు. ముక్క తీసి పరీక్షించాలంటే భయపడకుండా ఒప్పుకో.

అన్నీ కలిసివచ్చి నికెలే కారణమని తేలితే, లోహం లేని జిర్కోనియా క్యాపుల గురించి దంతవైద్యుని అడుగు; అయితే అతికించే సిమెంటు కూడా నీకు పడేదై ఉండాలి. మిశ్రమలోహం పేరు రాయించుకున్న కాగితాన్ని ఫోటో తీసి నాకు పంపితే, అందులో ఏమేమి కలుస్తాయో చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య