అమ్మానాన్నల అసిస్టెడ్ లివింగ్ ఖర్చుకు ఫ్లాట్ అమ్మాల్సిందేనా?

ప్రశ్న: మా నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు, వయసు 79. పక్షవాతం వచ్చాక స్నానానికి, నడకకు మనిషి సాయం కావాలి. అమ్మకు 74, మోకాళ్ల నొప్పులు. పెన్షన్ 46,000, బ్యాంకు డిపాజిట్లు 38 లక్షలు. విజయవాడలో నాన్న పేరిట ఉన్న ఫ్లాట్ అమ్మితే 75 లక్షలు, అద్దెకిస్తే నెలకు 18,000 వస్తుంది. ఇంటి ఖర్చు 64,000 దాకా అవుతోంది. హైదరాబాద్‌లో నాకు దగ్గర్లోని అసిస్టెడ్ లివింగ్ కేంద్రం (రోజువారీ పనుల్లో మనిషి సాయంతో వృద్ధులు ఉండే చోటు) ఇద్దరికీ ఒకే గదికి నెలకు 90,000, పైన 18 శాతం జీఎస్టీ, 5 లక్షల డిపాజిట్ అడుగుతోంది. ఫ్లాట్ అమ్మేసి చేర్పిద్దామని డాలస్‌లో ఉన్న తమ్ముడంటున్నాడు. అంత పెట్టడం దండగేమోనని నా భయం. ఏం చేయాలి?

జవాబు: మీరు పంపిన ఖర్చుల పట్టికలో ఒక పద్దు లేదండీ. పగటి అటెండెంట్‌కు 22,000, వంటమనిషికి 8,000, పనిమనిషికి 3,500, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ 3,500, సరుకులు 15,000, కరెంటు, గ్యాస్, ఫోన్లకు 5,000, నెలకు 12 సార్లు ఫిజియోథెరపీకి 7,200. మొత్తం 64,200. మరి రాత్రి రెండింటికి నాన్నగారిని లేపి బాత్రూంకు తీసుకెళ్తున్నది ఎవరు? అమ్మగారే కదా. ఆ మోకాళ్లతో ఆవిడ జీతం లేని నైట్ డ్యూటీ చేస్తున్నారు. రాత్రికీ ఒక మనిషిని పెడితే ఇంకో 22,000. అంటే ఇంటి అసలు ఖర్చు 86,200.

కేంద్రం ఫీజు జీఎస్టీతో 1,06,200. ఫిజియోథెరపీ అందులో కలవకపోతే 1,13,400. మందులు, డైపర్లు రెండు చోట్లా ఒకటే కాబట్టి వదిలేశాను. తేడా 27,200. దానికి ఏం వస్తుందో చూడండి: అటెండెంట్ సంక్రాంతికి ఊరెళ్లిపోతే వేరే మనిషిని వెతుక్కునే పని కేంద్రానిది. రాత్రి బెల్ నొక్కితే మనిషి వస్తాడు. బాత్రూంలో పట్టుకునే కమ్మీలు, గుమ్మం అడ్డులేని వీల్‌చైర్ దారి ఉంటాయి. అమ్మగారు నిద్రపోతారు. నాన్నగారిని లేపబోయి ఆవిడే పడి తుంటి ఎముక విరిగితే మీ ఇంట్లో ఇద్దరు రోగులవుతారు. నా లెక్కలో దండగ కాదు.

ఆరోగ్య బీమా మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. స్నానం చేయించడం, బట్టలు తొడగడం, నడిపించడం లాంటి సంరక్షణను పాలసీలు మినహాయింపుల్లోనే పెడతాయి. ఐఆర్‌డీఏఐ (బీమా నియంత్రణ సంస్థ) నిర్దేశించిన ప్రామాణిక మినహాయింపుల్లో అది ‘ఎక్స్‌క్లూజన్ 05’.

డబ్బు సర్దుబాటు ఇలా. 38 లక్షల్లో 5 లక్షలు కేంద్రం డిపాజిట్‌కు పోతాయి. 6 లక్షలు ఆసుపత్రి అవసరాలకు బ్యాంకులోనే ఉంచండి. మిగతా 27 లక్షలు సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో నాన్నగారి పేరిట, అమ్మగారిని జాయింట్ హోల్డర్‌గా పెట్టి వేయండి. ఒక్కరికి పరిమితి 30 లక్షలు. నాన్నగారి తర్వాత ఖాతాను ఆవిడ గడువు దాకా కొనసాగించుకోవచ్చు. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీకి మూడు నెలలకోసారి 55,350, అంటే నెలకు 18,450. పాత డిపాజిట్లను జరిమానా కట్టి విరగ్గొట్టకుండా గడువు తీరినవి తీరినట్టు మార్చండి.

పెన్షన్ 46,000, వడ్డీ 18,450, అద్దెలో మెయింటెనెన్స్ పోగా 14,500. కలిపితే 78,950. కేంద్రం ఖర్చు 1,13,400కు నెలకు 34,450 తక్కువ పడుతుంది. నాన్నగారికి 80 నిండే నెల నుంచి కేంద్ర పెన్షనర్లకిచ్చే 20 శాతం అదనపు పెన్షన్ మొదలవుతుంది. దాని మీద డీఆర్ (కరువు భృతి) కూడా వస్తుంది కాబట్టి సుమారు 9,200. అప్పుడు లోటు 25,250, మీ ఇద్దరికీ చెరో 12,625. తల్లిదండ్రులకు పిల్లలు పంపే డబ్బు మీద వాళ్లకు ఆదాయపు పన్ను ఉండదు.

అందుకే ఫ్లాట్ ఇప్పుడే అమ్మొద్దంటాను. ఆ ఫ్లాట్ అమ్మగారికి. నాన్నగారి తర్వాత ఫ్యామిలీ పెన్షన్ సాధారణంగా ఇప్పటి పెన్షన్‌లో 60 శాతమే, అంటే 27,600 దగ్గర. అద్దె, వడ్డీ కలిపినా ఆవిడకు 60,550 మించదు. ఈలోగా ఫీజు ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే ఇవాళ్టి 90,000 ఐదో ఏటికి 1,22,400 దాటుతుంది. అమ్మాల్సిన రోజంటూ వస్తే అది అప్పుడు. ఇప్పుడు 11 నెలల ఒప్పందంతో అద్దెకివ్వండి. అక్కడ నచ్చక తిరిగి వస్తామన్నా ఇల్లుంటుంది. ఎప్పుడు అమ్మినా 2024 జూలై 23కు ముందు కొన్నది కాబట్టి లాభం మీద 12.5 శాతం నేరుగా, 20 శాతం ఇండెక్సేషన్‌తో (కొన్న ధరను ధరల పెరుగుదలకు తగ్గట్టు పెంచి), రెండు రకాలుగా లెక్కేయించి తక్కువ పన్ను పడేదే కట్టండి.

రివర్స్ మార్ట్‌గేజ్ మీకు పనికిరాదు. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు తీసుకునే ఆ అప్పు సొంతింట్లో కాపురమున్నవాళ్లకే. శాశ్వతంగా వేరేచోటికి మారితే తీర్చేయమంటారు. ఫ్లాట్‌ను ఇప్పుడే మీ పేరిట గిఫ్ట్ రాయించుకోవడమూ వద్దు. ఒకవేళ రాస్తే, తల్లిదండ్రుల పోషణ షరతు దస్తావేజులోనే ఉండాలి. లేకపోతే తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణకు తెచ్చిన 2007 చట్టం కింద దాన్ని రద్దు చేయించుకోవడం వాళ్లకు కష్టమవుతుంది.

కేంద్రంతో గొడవలన్నీ దాదాపు ఒకే చోట మొదలవుతాయి: చేరినప్పుడు నడిచే మనిషి మంచం పట్టినప్పుడు. ‘ప్రత్యేక అటెండెంట్‌ను మీరే పెట్టుకోండి’ అంటే 90,000 మీద ఇంకో జీతం పడుతుంది. నాన్నగారు మంచానికే పరిమితమైతే ఫీజెంత, ఒక్కరే మిగిలితే గదికెంత, ఏటా పెంపు ఎంత శాతం మించదు, ఆసుపత్రిలో ఉన్న రోజులకు ఎంత తగ్గిస్తారు, ఖాళీ చేశాక డిపాజిట్ ఎన్ని రోజుల్లో ఇస్తారు. ఈ అయిదింటికీ జవాబులు ఒప్పంద పత్రంలో అంకెల్లో ఉండాలి, మేనేజర్ నోటిమాట చెల్లదు. ముందు ఒక్క నెల ట్రయల్‌గా ఉంచండి. మీరు మధ్యాహ్నం కాకుండా రాత్రి తొమ్మిది తర్వాత వెళ్లి ఎంతమందికి ఎంతమంది సిబ్బంది ఉన్నారో లెక్కపెట్టండి.

చేరేలోపు బ్యాంకు పని ఒకటుంది. నాన్నగారు మతిస్థిమితం కోల్పోతే మీ దగ్గరున్న పవర్ ఆఫ్ అటార్నీ అక్కడితో చెల్లదు. ఆయన సంతకం పెట్టగలిగిన ఈ రోజుల్లోనే పెన్షన్ ఖాతాను అమ్మగారితో ‘ఐదర్ ఆర్ సర్వైవర్’గా (ఇద్దరిలో ఎవరైనా, ఒకరి తర్వాత మిగిలినవారు నడుపుకునేలా) మార్పించండి. రైల్వే వైద్యానికి గుర్తింపుగా ఇచ్చే ఉమీద్ కార్డులు ఇద్దరికీ ఉన్నాయో లేదో చూసి, వాటిని లాలాగూడ రైల్వే ఆసుపత్రిలో చూపించి అక్కడ వైద్యానికి ఏం కావాలో ముందే కనుక్కోండి. 80 నిండాక లైఫ్ సర్టిఫికెట్ అక్టోబరు 1 నుంచే ఇవ్వొచ్చు, ఫోన్‌లో ముఖం చూపించి గదిలోంచే పూర్తిచేయొచ్చు.