థ్రెడ్ ఎగ్జిట్ మెసేజీలను ఒకే చోటికి తెచ్చే జీడీబీ ప్యాచ్: రివ్యూలో ఏం చూడాలి?

మీరు అడిగింది ఇదీ: జీడీబీ (ప్రోగ్రాముల్లో తప్పులు వెతికే డీబగ్గర్) లోని లైనక్స్, విండోస్ కోడ్ ఎవరికి వారు ప్రింట్ చేసుకుంటున్న "థ్రెడ్ ఎగ్జిటెడ్" (ప్రోగ్రామ్‌లో పక్కపక్కనే నడిచే పనుల్లో ఒకటి ముగిసిందనే) మెసేజీని సెట్_థ్రెడ్_ఎగ్జిటెడ్ ఫంక్షన్‌లోకి మార్చే ప్యాచ్ (కోడ్ మార్పు) మీ గుంటూరు టీమ్‌కి రివ్యూకి వచ్చింది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మెసేజ్ మాటల దగ్గర మాత్రం కాదు. థ్రెడ్ ముగిసిందనే కబురు బయటికి వెళ్ళడానికి ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి కన్సోల్ మీద మనిషి చదివే లైను. "సెట్ ప్రింట్ థ్రెడ్-ఈవెంట్స్ ఆఫ్" అంటే అది ఆగిపోవాలి. రెండోది థ్రెడ్_ఎగ్జిట్ అబ్జర్వర్ (థ్రెడ్ ముగియగానే జీడీబీలోని మిగతా భాగాలకు చెప్పే ఏర్పాటు). ఎడిటర్లకు ఎంఐలో (ఎడిటర్లు జీడీబీతో మాట్లాడే భాష) థ్రెడ్-ఎగ్జిటెడ్ కబురు పంపేదీ, ఆ థ్రెడ్‌కే పెట్టిన బ్రేక్‌పాయింట్లను తీసేసేదీ ఇదే. ప్రింట్ కోసం రాసిన ఇఫ్ బ్లాకులోకి అబ్జర్వర్ కాల్ కూడా జారిపోయిందా చూడండి. జారితే కన్సోల్‌లో తేడా కనబడదు గానీ ఎడిటర్‌లో చచ్చిన థ్రెడ్లు అలాగే వేలాడుతుంటాయి. సైలెంట్ ఫ్లాగుకీ (మెసేజ్ చూపొద్దని ఫంక్షన్‌కి చెప్పే గుర్తు) ఇదే రూలు: అది ప్రింట్‌ని ఆపాలి, అబ్జర్వర్‌ని కాదు.

తర్వాత వరస, అంటే ఏ పని ముందు, ఏది వెనక అన్నది. మెసేజ్‌లో థ్రెడ్ పేరు టార్గెట్_పిడ్_టు_స్టర్ అనే ఫంక్షన్ నుంచి వస్తుంది. లైనక్స్‌లో లిబ్‌థ్రెడ్_డీబీ పొర (థ్రెడ్ల వివరాలు చెప్పే లైబ్రరీ) పీథ్రెడ్ అడ్రసు చెప్పాలంటే ఆ థ్రెడ్ ఇంకా పీటీఐడీ మ్యాపులో (జీడీబీ థ్రెడ్లను వెతుక్కునే పట్టిక) ఉండాలి. మ్యాపులోంచి తీసేశాక ప్రింట్ చేస్తే పుట్టినప్పుడు అడ్రసుతో కనబడిన థ్రెడ్, పోయేటప్పుడు ఒట్టి ఎల్‌డబ్ల్యూపీ నంబరుతో (కెర్నెల్ థ్రెడ్‌కిచ్చే నంబరు) కనబడుతుంది. డిఫ్ చదివితే ఇది తేలిగ్గా తప్పిపోతుంది, రన్ చేస్తేనే దొరుకుతుంది.

పాత ప్రింట్లన్నీ పోయాయో లేదో గ్రెప్ (కోడ్‌లో మాట వెతికే టూలు) కొట్టండి. ఒక్కటి మిగిలినా మెసేజ్ రెండుసార్లు వస్తుంది. విండోస్‌లో పాత లైను ఎగ్జిట్ కోడ్ కూడా చూపేది. కొత్త ఫంక్షన్‌కి ఆ కోడ్ అందకపోతే ఉన్నది పోగొట్టుకున్నట్టే. కిల్, డిటాచ్ (ప్రోగ్రామ్‌ని నడవనిచ్చి జీడీబీ తప్పుకోవడం), ప్రాసెస్ మొత్తం ముగియడం, ఈ మూడు సందర్భాల్లో సైలెంట్ దారి పట్టాలి. లేదంటే 200 థ్రెడ్ల ప్రోగ్రామ్‌ని కిల్ చేస్తే 200 లైన్లు.

టెస్ట్ ఇలా: థ్రెడ్ పుట్టించి జాయిన్ చేసే (అది ముగిసేదాకా ఆగే) లూపు 100 సార్లు తిప్పి, మెయిన్ చివర ఒక సెకను స్లీప్ పెట్టండి. జాయిన్ తిరిగొచ్చే సమయానికి ఆఖరి థ్రెడ్ చావు కబురు జీడీబీకి ఇంకా చేరకపోవచ్చు, స్లీప్ లేకపోతే 99 చూసి ప్యాచ్‌ని తిడతారు. బ్యాచ్ మోడ్‌లో రన్ చేసి "న్యూ థ్రెడ్", "ఎగ్జిటెడ్" లైన్లు లెక్కపెట్టండి. మన మిర్చి యార్డు గేటు లెక్కే: లోపలికెళ్ళిన ప్రతి లారీకి బయటికొచ్చిన చీటీ ఒక్కటే ఉండాలి, రెండు ఉండకూడదు. ప్రాసెస్ ముగిసే లైన్లో కూడా "ఎగ్జిటెడ్" ఉంటుంది, దాన్ని కలపకండి. ప్యాచ్ లేని బిల్డుతో ముందు ఒకసారి లెక్క తీసి పెట్టుకోండి.

నేటివ్‌తో (అదే మెషీన్‌లో జీడీబీ నేరుగా నడిపే ప్రోగ్రామ్) ఆపకండి. జీడీబీ.థ్రెడ్స్ టెస్టులను నేటివ్-జీడీబీసర్వర్ బోర్డుతో (జీడీబీసర్వర్ ద్వారా రిమోట్‌గా టెస్ట్ చేసే సెట్టింగ్) కూడా నడపండి. మామూలు రిమోట్‌లో థ్రెడ్ పోయిన సంగతి లిస్టు రిఫ్రెష్ అయినప్పుడే తెలుస్తుంది, అందుకే "ఇన్ఫో థ్రెడ్స్" కొట్టినప్పుడు ఎగ్జిట్ లైన్లు ఊడిపడొచ్చు. అంతకుముందు అక్కడ ఏమీ రాని టెస్టుల రెగెక్స్‌లు (ఔట్‌పుట్‌తో పోల్చే నమూనాలు) ఇక్కడే విరుగుతాయి. దాన్ని ప్యాచ్ తప్పుగా లెక్కేయకండి, రెగెక్స్ మార్పు అదే ప్యాచ్‌లో ఉండాలని మాత్రం పట్టుబట్టండి.