రైలు ఫొటోల ఆర్కైవ్ పెట్టాలంటే ముందు ఏం చూసుకోవాలి?

మీ నలుగురు స్నేహితులు కలిసి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాత రైలు ఫొటోలతో ఒక సైటు పెట్టాలనుకుంటున్నారు, ఖర్చెంత అవుతుంది, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అని అడిగారు. ఆమదాలవలసలో మేం కొంతమందిమి కొన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నాం. జీతం లేదు, భత్యం లేదు, ఇంట్లోవాళ్ల సణుగుడు మాత్రం ఉంది.

ఖర్చు సంగతి ముందు తేల్చేస్తాను. డొమైన్ పేరుకి ఏడాదికి వెయ్యి రూపాయలు అటూఇటూ. సాఫ్ట్‌వేర్‌కి పివిగో చాలు, ఉచితం, ఫొటో గ్యాలరీల కోసమే చేసినది. ఫొటోలు దాచే చోటుకే డబ్బు ఎక్కువ పోతుంది. నాలుగు బై ఆరు అంగుళాల కలర్ ప్రింటుని 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కల వివరంతో) స్కాన్ చేసి, నాణ్యత తగ్గకుండా దాచే టిఫ్ ఫైలుగా ఉంచితే ఒక్కోటి 26 ఎంబీ దాకా వస్తుంది. సైట్లోకి చిన్న జేపెగ్ ఎక్కించండి. టిఫ్‌లు రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేర్వేరు ఊళ్లలో ఉంచండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో ఇళ్ల కప్పులే లేచిపోయాయి, ఇక బీరువాలో ఆల్బమ్‌లు ఏపాటి. తడిసి అతుక్కున్న ఫొటోని పీకకండి, పేజీతో సహా స్కాన్ చెయ్యండి.

ఇక మీరు అడగనిది. ఫొటోలు వాటంతటవే వస్తాయి, జనం బస్తాలకొద్దీ ఇస్తారు. అది ఏ స్టేషను, ఏ ఏడు, ఎవరు తీశారు అన్నది మాత్రం ఎవరూ ఇవ్వరు. మా సమయమంతా దానికే పోతుంది. నౌపడ నుంచి గుణుపురం వెళ్లే లైనే తీసుకోండి. పర్లాకిమిడి రాజావారు వేయించిన రెండున్నర అడుగుల నేరో గేజ్, 1900లో మొదలైంది, 2004లో ఆపేశారు, 2011లో బ్రాడ్ గేజ్‌గా మళ్లీ తెరిచారు. ఆ చిన్న బండి ఫొటోలు మా దగ్గర బోలెడు. చాలావాటి మీద ఉన్న రాత ‘టెక్కలి దగ్గర’ అంతే. ఒకసారి రిటైరైన డ్రైవరు గారికి ట్యాబ్‌లో వరసగా చూపిస్తుంటే ఒక ఫొటో దగ్గర ఆపి, ‘ఇది తెంబూరు కాదు బాబూ, పాతపట్నం. నేను ఇక్కడే కదా డ్యూటీ దిగీవోణ్ని’ అన్నారు. ఇలాంటి మాట ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. అలాంటివాళ్ల దగ్గర కూర్చున్నప్పుడు ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి పెట్టుకోండి, వాళ్లని అడిగే పెట్టుకోండి.

మనుషులు దొరకనప్పుడు ఫొటోలోనే ఆనవాళ్లు వెతకాలి. ఎక్స్‌ప్రెస్ బోర్డు మీద నంబరు నాలుగంకెలైతే అది 2010 డిసెంబరు 20కి ముందుది, ఆ రోజు నుంచే ఐదంకెలు వచ్చాయి. పెట్టె మీద ఆగ్నేయ రైల్వే అక్షరాలుంటే 2003 ఏప్రిల్‌కి ముందుది కావచ్చు, ఎందుకంటే అప్పటినుంచే మనం తూర్పు కోస్తా రైల్వేలోకి వెళ్లాం. అలాగని ఒక్క గుర్తుతో తేల్చేయకండి, మళ్లీ రంగు వేసేదాకా పెట్టె పాత అక్షరాలతోనే తిరుగుతుంది. నౌపడ లైన్లో ఆవిరి ఇంజనుంటే 1990ల మొదట్లోదో, అంతకు ముందుదో. స్కాన్ ఫైల్లో కనిపించే తేదీని మాత్రం నమ్మకండి, అది స్కానర్ ముందు పెట్టిన రోజు. ఇంకోటి, వాట్సాప్‌లో ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి, తీసిన తేదీ లాంటి లోపలి వివరాలన్నీ పోతాయి. డాక్యుమెంట్‌గా పంపమని అందరికీ చెప్పండి, చెబుతూనే ఉండండి.

హక్కుల దగ్గర మొహమాటపడొద్దు. ప్రింటు చేతిలో ఉన్నంత మాత్రాన హక్కు మనది కాదు. కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణ తర్వాత మన దేశంలో ఫొటోకి కూడా తీసినవారి జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఫొటో తీసినాయన లేకపోతే కొడుకునో కూతురినో అడిగి ఒక కాగితం రాయించుకోండి. కొందరు వికీపీడియా వాళ్ల ఫొటోల సైటు వికీమీడియా కామన్స్‌లో పెట్టేయమంటారు. మంచి చోటే, పైగా ఉచితం. కానీ అక్కడ పెడితే వ్యాపారానికి వాడుకోడానికి కూడా అనుమతి ఇచ్చినట్టే, ఫొటోలిచ్చిన పెద్దవాళ్లకి ఆ ముక్క విడమర్చి చెప్పాకే పెట్టండి.

పట్టాల మధ్య నిలబడి తీసిన ఫొటో ఎంత బాగున్నా మేం తీసుకోం. రైల్వే చట్టం 147వ సెక్షను కింద అది నేరం, ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. చట్టం సరే, మనం దాన్ని మెచ్చుకుని పెడితే రేపు ఇంకో కుర్రాడు అక్కడే నిలబడతాడు. దీని మీద మాలో ఒకరిద్దరు అలిగి వెళ్లిపోయారు కూడా. వెళ్లనివ్వండి.

డొమైన్ రెన్యువల్, పాస్‌వర్డ్‌లు కనీసం ఇద్దరి దగ్గర ఉండాలి. ఒకడికి ఉద్యోగం బదిలీ అయితే సైటు ఆగిపోకూడదు.

మొదట ఏవి స్కాన్ చెయ్యాలంటే నౌపడ చిన్న బండి, బొబ్బిలి–సాలూరు రైలుబస్సు (పట్టాల మీద నడిచే బస్సులాంటి బండి), స్టేషన్ సిబ్బంది, గేటు దగ్గర మనుషులు ఉన్నవి. వాటి గురించి చెప్పగలిగేవాళ్లకి వయసైపోతోంది. వందే భారత్ ముక్కు ఫొటోలు వచ్చే ఏడాదైనా దొరుకుతాయి.