త్రికోణమితిని ఆరుబయట నేర్పబోతున్న నా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

వచ్చే శనివారం పదో తరగతి పిల్లల్ని బయటికి తీసుకెళ్లి ఎత్తులూ దూరాలూ కొలిపిస్తావట, మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ వెంటనే టెన్షన్ కూడా పట్టుకుంది, నిద్ర రాక లేచి ఇది రాస్తున్నా.

పరికరం సంగతి నీకు తెలిసిందే. కోణమానిని, దాని అంచుకి అంటించిన స్ట్రా, మధ్య బిందువు నుంచి దారం, దారానికో బరువు. దారం చూపే అంకెకీ 90కీ ఉన్న తేడానే ఊర్ధ్వ కోణం, అంటే చూపు నేలకి సమాంతరం నుంచి ఎంత పైకి లేచిందో అది. స్ట్రాలోంచి ఒకరు చూస్తే అంకె పక్కవాళ్లు చదవాలి. దూరం టేపుతోనే కొలవాలి. చివర్లో కంటి ఎత్తు కలపాలి, సగం మంది అది మర్చిపోతారు.

సూర్యుడున్న వైపు స్ట్రా పెట్టనివ్వకు. ఇది రెండుసార్లు చెప్పు, మూడోసారి కూడా చెప్పు. ఇంకోటి, టాన్ 45 విలువ 1, అంటే అక్కడ దూరమెంతో కంటికి పైనున్న ఎత్తూ అంతే అని తెలిసిన పిల్లలు 45 వచ్చే చోటు కోసం పైకి చూస్తూ వెనక్కి వెనక్కి నడుస్తారు. అలా నడిచి ఒక పిల్లాడు గోతిలో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు, నా కళ్ల ముందే. నిలబడాల్సిన చోట్లు ముందే సుద్దతో గీసిపెట్టు తల్లీ. ఆ ఏడుపు నాకింకా వినిపిస్తుంది.

అలాగని 45 కోసం వెతకడం తప్పు కాదు. 20 మీటర్ల ఎత్తున్నదాన్ని 45 డిగ్రీల దగ్గర చూస్తూ ఒక్క డిగ్రీ ఎక్కువ చదివితే సుమారు 70 సెంటీమీటర్లు తేడా వస్తుంది. బాగా దగ్గరికి పోయి 75 డిగ్రీల్లో చూస్తే అదే ఒక్క డిగ్రీకి మీటరున్నర. ఈ రెండూ పిల్లల చేతే చేయించు, నువ్వు చెప్పకు.

ఇప్పుడు అసలు సంగతి. నేను కొత్తగా చేరిన రోజుల్లో మా పిల్లల చేత ఒక లైటు స్తంభం కొలిపించాను. దాని ఎత్తు 18 మీటర్లని రికార్డులో చూసి, ఉత్సాహం ఆపుకోలేక ముందే చెప్పేశాను. 20 మీటర్ల దూరంలో నిలబడ్డ ప్రతి జట్టూ 40 డిగ్రీలు రాసింది, కంటి ఎత్తు కలిపి 18కి కాస్త అటూఇటూగా తెచ్చింది. ఎంత బాగా చేశారో అనుకుని మురిసిపోయాను. ఒక్క అమ్మాయి మాత్రం 37 డిగ్రీలు రాసింది. ఎత్తు 16.5 అంది. కంటి ఎత్తు మర్చిపోయావన్నాను. కలిపానంది, 1.4 మీటర్లు. మరి దారం సరిగా చూడలేదన్నాను. మూడుసార్లు చూశాను సార్ అంది. నలభై మంది ముందు నిలబెట్టి, అందరికీ వచ్చింది నీకొక్కదానికే ఎందుకు రాలేదు, శ్రద్ధ లేదు అన్నాను. కొట్టేసి 40 వేసుకుంది.

నెల తర్వాత బల్బు మార్చడానికి పైకెక్కినతన్ని టేపు కిందికి వదలమన్నాను. 16.3 మీటర్లు. రికార్డులో ఉన్న 18, నేలలో పాతిన భాగంతో కలిపి స్తంభం మొత్తం పొడవు! అంటే మిగతావాళ్లెవరూ కోణం చదవనే లేదు. నేను చెప్పిన జవాబు నుంచి వెనక్కి లెక్క కట్టి కోణం రాశారు, వాళ్లకది నేర్పింది నేనే. ఆ అమ్మాయిని వరండాలోకి పిలిచి నీదే సరైందమ్మా అన్నాను. తల ఊపి వెళ్లిపోయింది. తిట్టింది నలభై మంది ముందు, ఒప్పుకున్నది ఒక్కదాని ముందు. క్లాసులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ ఏడాదంతా ఆ పిల్ల మళ్లీ చెయ్యెత్తలేదు.

అందుకే అడుగుతున్నా, జవాబు నీకు తెలిసినా చెప్పకు. కుదిరితే నువ్వు కూడా తెలుసుకోకుండా వెళ్లు. 1852లో సర్వే శాఖ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దార్ ఎవరెస్టు ఎత్తు లెక్క తేల్చినప్పుడు సరిచూసుకోవడానికి ఆయన దగ్గర జవాబుల పేజీ లేదు. 1856లో ప్రకటించిన అంకె 29,002 అడుగులు. ఇప్పటి కొలతకీ దానికీ తేడా దాదాపు 30 అడుగులే, అదీ అంత దూరం నుంచి చూసి కట్టిన లెక్క. ఈ మాట పిల్లలకి చెప్పు, వాళ్ల కళ్లు చూడు.

జట్లకి వేర్వేరు అంకెలు వస్తాయి, రానీ. అన్నీ బోర్డు మీద రాసి, ఎవరిది ఎందుకు తేడా వచ్చిందో వాళ్లనే అడుగు. నేల వాలుగా ఉందా, టేపు వదులైందా, గాలికి దారం ఊగిందా. పెన్నుతో రాయమను, రబ్బరు బయటికి తేవద్దను. మొదలు దగ్గరికి పోలేని వాటిని రెండు చోట్ల నుంచి కొలవడం ఇంకో రోజుకి ఉంచు, ఒక్క పూటలో కుక్కకు.

నువ్వెవరినైనా పొరపాటున గద్దిస్తే, ఆ పిల్లలంతా కూర్చునుండగానే చెప్పెయ్, నాదే తప్పని. నీ గొంతు వణికినా సరే. నీళ్ల సీసా మర్చిపోకు, నీకు ఎండ పడదు. సాయంత్రం ఫోన్ చెయ్, ఒక్కో జట్టూ చదివిన కోణం నాకు వరసగా చెప్పు. దిద్దకుండా చెప్పు.

మీ పెద్దనాన్న