మాది నల్లగొండ. నాగార్జున సాగర్ డ్యామ్‌ను ఎక్స్-ప్లేన్ అనే విమాన సిమ్యులేటర్‌లో పెట్టి అందరికీ ఫ్రీగా ఇవ్వాలంటే ఏం చేయాలి?
డ్యామ్ 3డీ మోడల్‌ను బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేయండి, అది ఉచితమే. 26 గేట్లూ విడివిడిగా గీయనక్కర్లేదు. ఒకటి శ్రద్ధగా చేసి కాపీలు పేర్చితే చాలు, సిమ్యులేటర్‌కూ బరువు తగ్గుతుంది. బ్లెండర్‌లో వేసుకునే ఎక్స్-ప్లేన్ ఎక్స్‌పోర్టర్‌తో దాన్ని సిమ్యులేటర్ చదివే ఓబీజే ఫైల్‌గా మార్చి, ఎక్స్-ప్లేన్ సీనరీ టూల్ అయిన వరల్డ్ ఎడిటర్‌లో కృష్ణా నది మీద సరైన చోట పెట్టి, ఆ ఫోల్డర్‌ను ఎక్స్-ప్లేన్‌లోని ‘కస్టమ్ సీనరీ’ ఫోల్డర్‌లో వేయండి.

అసలు తలనొప్పి టెక్స్చర్లతోనే, అంటే మోడల్ మీద అతికించే చిత్రాలతోనే. గూగుల్ ఉపగ్రహ చిత్రాలు కత్తిరించి పెట్టకండి. మీరు పైసా తీసుకోకపోయినా హక్కులు మీవి కావు. నల్లగొండలోనే ఉన్నారు కదా, ఓ ఆదివారం వెళ్లి, అనుమతి ఉన్న చోటు నుంచి రాతిగోడ ఫొటోలు మీరే తీసుకోండి. ఎండ నెత్తి మీద ఉన్నప్పుడు వద్దు, ఫొటోలో పడిన నీడలు మోడల్ గోడకే అతుక్కుపోతాయి.

అందరికీ ఇచ్చే జిప్ ఫైల్‌లో, ఎలా వాడాలో చెప్పే రీడ్‌మీతో పాటు లైసెన్స్ కూడా ఉండాలి. ఇతరులు మార్చుకోవచ్చా, అమ్ముకోవచ్చా అన్నది అందులో రాయకపోతే తర్వాత పంచాయితీ తప్పదు.